ఉపాధి బాట: చేతిలో పని, జేబులో పత్రం

శ్లాబు పోయడానికి ముందునాటి సాయంకాలం, నిర్మాణంలో ఉన్న ఏ భవనం పైకి వెళ్ళి చూచినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. సెంట్రింగ్ చెక్కల మీద ఇనుప కడ్డీల వల పరచి ఉంటుంది. ఆ వల నడుమ ఇద్దరు ముగ్గురు మనుషులు వంగి కూర్చొని, ప్లాస్టిక్ గొట్టాలను కొలిచి, కోసి, అతికించి, కడ్డీలకు కట్టుతూ ఉంటారు. ఫ్యాను ఎక్కడ వ్రేలాడాలో అక్కడ ఒక పెట్టె, దీపం ఎక్కడ వెలగాలో అక్కడ మరొక పెట్టె అమర్చుతారు. మరునాడు ఉదయం కాంక్రీటు పోస్తారు. ఆ పిమ్మట ఆ గొట్టాలను ఎవరూ చూడబోరు. ఒక మలుపులో గొట్టం నలిగినా, ఒక అతుకు ఊడి సిమెంటు నీరు లోపలికి దిగినా, ఆ తప్పు కొన్ని నెలల తరువాత తీగ లాగేటప్పుడు గాని బయటపడదు. అప్పటికి మిగిలిన మార్గం గోడనో, కప్పునో పగులగొట్టడమే.

ఇంతటి బాధ్యత గల పనిని చేస్తున్న మనిషి ఎవరు? అధిక సంఖ్యాకుల కథ ఒకే విధంగా ఉంటుంది. పదవ తరగతితోనో, అంతకు ముందో చదువు ఆపి, మేనమామ వెంటనో ఊరివాని వెంటనో హెల్పరుగా పనిలో చేరుతాడు. మొదటి ఏడాది గోడకు గాడి కొట్టడం, సామాను మోయడం. రెండవ ఏడాది తీగ లాగడం. ఐదారేళ్ళకు బోర్డు కట్టడం వస్తుంది. పదేళ్ళకు పది మందిని వెంట ఉంచుకొని అపార్టుమెంటు మొత్తం పూర్తి చేయగలుగుతాడు. జనం అతనిని "కరెంటు మేస్త్రీ" అని గౌరవంగానే పిలుస్తారు. కాని భవనం పూర్తి అయిన తరువాత విద్యుత్ సంస్థకు సమర్పించే పత్రంలో అతని పేరు ఉండదు. అక్కడ ఉండేది లైసెన్సు గల మరొకరి సంతకం.

నిర్మాణ రంగంలో విద్యుత్ పనివారికి ఉద్యోగావకాశాలు ఎట్లా ఉన్నవని తల్లిదండ్రులూ, యువకులూ తరచుగా ప్రశ్నిస్తుంటారు. పని ఉన్నదా అన్నంత వరకు దీనికి సమాధానం తేలికయే. ఉన్నది, చాలినంత ఉన్నది. అయితే ఆ పనిలో ఎదుగుదల ఎవరికి ఉన్నదన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం ఆ సంతకంలో ఉన్నది.

పని ఎక్కడ ఉన్నది?

మన దేశంలో వ్యవసాయం తరువాత ఎక్కువమందికి పని కల్పించే రంగాలలో నిర్మాణం ఒకటి. 2022-23, 2023-24 సంవత్సరాల శ్రామిక శక్తి సర్వేల ప్రకారం పని చేసే ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరు ఈ రంగంలో ఉన్నారు. ఇల్లు, బడి, ఆసుపత్రి, దుకాణం, గిడ్డంగి - ఏది కట్టినా విద్యుత్ పని లేకుండా అది పూర్తి కాదు.

ఈ గిరాకీకి మూడు ఊటలు ఉన్నవి. మొదటిది కొత్త నిర్మాణం. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కోట్ల సంఖ్యలో గృహాలు మంజూరైనవి. మరో 3 కోట్ల గృహాలకు సహాయం అందించాలని 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇవి చిన్న ఇండ్లే. కాని ప్రతి చిన్న ఇంటికీ ఒక మీటరు బోర్డు, నాలుగు పాయింట్లు, ఒక ఎర్తింగు కావాలి.

రెండవది పాత ఇండ్ల పునరుద్ధరణ. దీనిని చాలామంది లెక్కలోకి తీసుకొనరు. ముప్పది, నలువది ఏండ్ల క్రితం కట్టిన ఇంటిలో రెండు దీపాలు, ఒక ఫ్యాను, ఒక రేడియో ఉండేవి. తీగలు ఆ భారానికి తగినట్లే వేశారు. నేడు అదే ఇంటిలో ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, ఎయిర్ కండిషనర్ చేరినవి. దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. ఎయిర్ కండిషనరుకు సాధారణంగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తారు. పాత తీగ మీద కొత్త భారం వేస్తే తీగ వేడెక్కుతుంది, తొడుగు కరుగుతుంది, చివరకు ఇల్లే అంటుకొనవచ్చు. కొత్త నిర్మాణాలు మందగించిన రోజులలో కూడా ఈ పని ఆగదు.

మూడవది సౌరవిద్యుత్తు. ఒక కోటి ఇండ్ల పైకప్పులపై సౌర ఫలకాలు అమర్చే లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ప్రారంభమైనది. దీనికి కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల వరకు సహాయం నిర్ణయించారు. ఫలకాలను బిగించడం ఎవరైనా నేర్చుకొనవచ్చును. కాని ఫలకం నుండి వచ్చేది ఏకముఖ విద్యుత్తు. ఇంటిలో నడిచేది ప్రత్యావర్త విద్యుత్తు. ఈ రెండింటినీ కలిపే ఇన్వర్టరు, వాటికి వేరువేరు రక్షణ సాధనాలు, ప్రత్యేకమైన ఎర్తింగు తెలిసినవారే ఆ పనిని భద్రంగా పూర్తి చేయగలరు. సౌర పనివారి శిక్షణకై 2015లోనే "సూర్యమిత్ర" కార్యక్రమం ఆరంభమైనది. ఇంటి వైరింగు తెలిసిన మనిషికి కొద్ది వారాల అదనపు శిక్షణతో ఈ తలుపు తెరుచుకొంటుంది. విద్యుత్ వాహనాల చార్జింగ్ కేంద్రాల విషయమూ ఇంతే.

ఇంత పని ఉన్నదని చెప్పి, దాని ఒడిదుడుకులను దాచడం న్యాయం కాదు. నిర్మాణ రంగం అప్పుల మీద, వడ్డీరేట్ల మీద, ఇసుక, సిమెంటు లభ్యత మీద ఆధారపడినది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు నిర్మాణస్థలాలు ఒక్క రోజులో మూతపడినవి. వేలాది కార్మికులు కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరారు. నెల జీతం లేని చోట నెల ఖర్చు ఆగదన్న సత్యాన్ని ఆ రోజులు అందరికీ నేర్పినవి.

పని స్వరూపం

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న సామెత యజమానిని ఉద్దేశించినది. ఇల్లు కట్టడంలోని కష్టం విద్యుత్ పనివానికీ తక్కువ కాదు. అతడు ఒకే భవనానికి కనీసం నాలుగు మారులు రావలసి ఉంటుంది. శ్లాబు సమయంలో గొట్టాలు పరచడానికి ఒకసారి, గోడలు లేచిన తరువాత గాడులు కొట్టి పెట్టెలు బిగించడానికి మరొకసారి, ప్లాస్టరింగు ముగిసిన పిమ్మట తీగలు లాగడానికి ఇంకొకసారి, రంగులు వేసే దశలో స్విచ్చులు, దీపాలు, పంపిణీ పెట్టె అమర్చడానికి చివరిసారి. ఈ రాకపోకల నడుమ వారాలు, నెలలు ఖాళీ. అందువలన ఒకే స్థలాన్ని నమ్ముకొన్నవానికి సగం రోజులు పని ఉండదు. ఒకేసారి మూడు నాలుగు స్థలాలను కలుపుకొని నడిపేవానికే నెల నిండుతుంది.

కూలి చెల్లించే పద్ధతులు కూడా పలు విధాలు. హెల్పరుకు రోజు కూలి. మేస్త్రీకి పాయింటు లెక్కనో, చదరపు అడుగు లెక్కనో ఒప్పందం. సామాను యజమాని కొంటే కూలి మాత్రమే. సామానుతో సహా ఒప్పుకొంటే లాభమూ నష్టమూ మేస్త్రీవే. రాగి ధర పెరిగితే ఆ ఒప్పందం అతని మెడకు చుట్టుకొంటుంది. కనుక ఈ వృత్తిలో పట్టకారుతోపాటు లెక్కల పుస్తకం కూడా సాధనమే. ఎన్ని మీటర్ల తీగ పడుతుందో ముందుగా అంచనా వేయలేనివాడు పని బాగా చేసినా నష్టపోతాడు.

చట్టం ఏమంటున్నది?

విద్యుత్ పనిని ఎవరు చేయవచ్చునన్న విషయంలో మన చట్టం మొదటి నుండీ స్పష్టంగా ఉన్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ఈ షరతును విధించినవి. వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను తెచ్చింది. 2023లో వాటిని తిరగవ్రాసింది. సారాంశం మాత్రం మారలేదు. వినియోగదారుని ఆవరణలో విద్యుత్ స్థాపన పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం గల సూపర్‌వైజరు ప్రత్యక్షంగా పర్యవేక్షించాలి. పని చేసేవాని వద్ద రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన, లేదా గుర్తించిన పర్మిట్ ఉండాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం వంటి చిన్న పనులకు మాత్రమే మినహాయింపు.

అనగా ఈ వృత్తికి మూడు మెట్లు ఉన్నవి: వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజరు యోగ్యతా పత్రం, కాంట్రాక్టరు లైసెన్సు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అనేక రాష్ట్రాలలో వీటిని విద్యుత్ లైసెన్సింగ్ మండళ్ళు జారీ చేస్తున్నవి. అర్హతలు, పరీక్షలు, రుసుములు రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి. కనుక శ్రీకాకుళం నుండి హైదరాబాదుకో, బెంగళూరుకో వలస వెళ్ళిన పనివాడు తన పర్మిట్ అక్కడ చెల్లుతుందా అని ముందుగానే విచారించుకొనడం మంచిది.

ఆచరణలో జరుగుతున్నది వేరు. లైసెన్సు గల కాంట్రాక్టరు సంతకం చేస్తాడు. పర్మిట్ లేని మేస్త్రీ పని చేస్తాడు. యజమానికి ఈ తేడా తెలియదు, తెలిసినా పట్టించుకొనడు. పని సవ్యంగా సాగినంత కాలం ఎవరికీ నష్టం కనిపించదు. కాని నష్టపోతున్నవాడు ఒకడున్నాడు. వాడే మేస్త్రీ. ప్రభుత్వ పని, పెద్ద సంస్థ పని, విదేశంలో ఉద్యోగం - ఏ చోటనైనా మొదట అడిగేది పత్రాన్నే. పదిహేనేళ్ళ అనుభవం ఆ గుమ్మం ముందే ఆగిపోతుంది.

రెండు దారులు, రెండింటా లోటు

ఈ వృత్తిలోకి రావడానికి రెండు దారులు ఉన్నవి. ఒకటి పారిశ్రామిక శిక్షణ సంస్థ, అనగా ఐ.టి.ఐ. రెండవది నిర్మాణ స్థలం.

1950లో ఆరంభమైన వృత్తి శిక్షణ పథకం కింద నేడు దేశంలో 14,000కు పైగా ఐ.టి.ఐ.లు ఉన్నవి. వాటిలో విద్యార్థులు అత్యధికంగా కోరుకొనే శాఖ ఎలక్ట్రీషియన్. గణితం, సామాన్యశాస్త్రాలతో పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఇందులో చేరవచ్చును. శిక్షణ కాలం రెండేళ్ళు. ఎనిమిదవ తరగతి పాసైనవారికి వైర్‌మన్ శాఖ తెరచి ఉన్నది. దాని కాలమూ రెండేళ్ళే. చివర అఖిల భారత వృత్తి పరీక్ష, అందులో నెగ్గితే జాతీయ వృత్తి ధ్రువపత్రం. ఈ పత్రం వలన చాలా రాష్ట్రాలలో వైర్‌మన్ పర్మిట్ పొందడం సులభమవుతుంది. రైల్వేలలో టెక్నీషియన్ ఉద్యోగాలకు, విద్యుత్ పంపిణీ సంస్థలలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు పోటీపడే అర్హత లభిస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను నియమించినప్పుడు ఇటువంటి శిక్షణ పొందిన యువకులకు అవకాశం దొరికింది.

కాని ఐ.టి.ఐ. నుండి నేరుగా నిర్మాణస్థలానికి వచ్చిన యువకునికి ఒక లోటు ఉన్నది. ఓమ్ సూత్రం అతనికి తెలుసు; శ్లాబు మీద గొట్టం వంచడం తెలియదు. చెక్క బోర్డు మీద వైరింగు చేసి మార్కులు తెచ్చుకొన్నాడు. మూడంతస్తుల గోడలో పదిహేను మీటర్ల గొట్టం గుండా తీగలు లాగలేదు. "పత్రం తెచ్చావు, పని తేలేదు" అని మేస్త్రీ అతనిని ఎగతాళి చేస్తాడు. రెండు నెలలకు విసిగిపోయి ఆ యువకుడు మొబైలు దుకాణంలోనో, సరుకులు చేరవేసే పనిలోనో చేరిపోతాడు. ప్రభుత్వం రెండేళ్ళపాటు వెచ్చించిన శిక్షణ ఆ విధంగా చెదిరిపోతున్నది.

స్థలంలో పని నేర్చిన మేస్త్రీ లోటు దీనికి సరిగ్గా తలక్రిందులు. చేయి సునాయాసంగా నడుస్తుంది. కాని స్విచ్చి ఫేజు తీగలోనే ఎందుకు ఉండాలో, న్యూట్రల్‌లో ఉంటే దీపం ఆరినా హోల్డరులో విద్యుత్తు ఎందుకు మిగిలి ఉంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఎర్తింగు గుంతలో ఉప్పు, బొగ్గు వేయడం గురువు చేయగా చూచి నేర్చుకొన్నాడు. ఎర్త్ నిరోధాన్ని పరికరంతో కొలవడం చూడలేదు.

ఒకరి వద్ద పత్రం ఉన్నది, చేయి లేదు. మరొకరి వద్ద చేయి ఉన్నది, పత్రం లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడే ఈ వృత్తిలో నిజమైన భవిష్యత్తు ఉన్నది. నిర్మాణ సంస్థలకు పనివారి కొరత ఉన్నదని వినిపించే మాటకు కూడా అర్థమిదే. మనుషులకు కొరత లేదు. రెండూ కలిసిన మనుషులకే కొరత.

కలిపే వంతెనలు

ఐ.టి.ఐ. యువకునికి వంతెన అప్రెంటిస్ శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం నిర్ణీత సంఖ్యకు మించి పనివారు గల సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొనవలసి ఉన్నది. 2016 నుండి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం శిక్షణ భృతిలో కొంత భాగాన్ని భరిస్తున్నది. ఆ భృతి స్వల్పమే. అయినప్పటికీ పెద్ద నిర్మాణ సంస్థలో ఒక ఏడాది పనిచేసిన యువకునికి మేస్త్రీల ఎగతాళి ఉండదు. ఐ.టి.ఐ. ముగించినవారు కొన్ని షరతులతో పాలిటెక్నిక్ డిప్లొమా రెండవ సంవత్సరంలో చేరే మార్గం కూడా ఉన్నది. డిప్లొమా వచ్చిన పిమ్మట సూపర్‌వైజరు పత్రం దూరం కాదు.

మేస్త్రీకి కూడా వంతెనలు ఉన్నవి. అవి ఉన్నవని అతనికి తెలియకపోవడమే విచారకరం. నిర్ణీత అనుభవం గల కార్మికులు ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత వృత్తి పరీక్షకు హాజరు కావచ్చును. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో "పూర్వ అభ్యాస గుర్తింపు" అనే విభాగం ఉన్నది. పనిలో నేర్చిన విద్యను పరీక్షించి, స్వల్ప శిక్షణతో ధ్రువపత్రం ఇవ్వడం దీని ఉద్దేశం. నిర్మాణ రంగపు విద్యుత్ పనివానికి ప్రత్యేకంగా వృత్తి ప్రమాణం రూపొందించారు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ సంస్థ - న్యాక్ - తాపీ, ప్లంబింగు పనులతోపాటు విద్యుత్ పనిలో కూడా శిక్షణ ఇస్తున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ధ్రువపత్రం వేరు, పర్మిట్ వేరు. శిక్షణ కేంద్రం ఇచ్చేది ధ్రువపత్రం; చట్టప్రకారం పని చేసే హక్కును ఇచ్చేది లైసెన్సింగ్ మండలి పర్మిట్. చేరబోయే కేంద్రం ఇచ్చే పత్రాన్ని మండలి అంగీకరిస్తుందా అని రుసుము చెల్లించే ముందే తెలుసుకొనాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక ఆరు నెలలూ, అప్పు చేసి తెచ్చిన డబ్బూ పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

కూలి, హక్కులు

పత్రానికి విలువ ఎంత? 2024 అక్టోబరు 1 నుండి కేంద్ర పరిధిలోని పనులకు నిర్ణయించిన కనీస వేతనాలను చూస్తే కొంత తెలుస్తుంది. అత్యధిక శ్రేణి నగరాలలో నైపుణ్యం లేని కార్మికునికి రోజుకు 783 రూపాయలు, అర్ధనైపుణ్యం గలవానికి 868, నైపుణ్యం గలవానికి 954, ఉన్నత నైపుణ్యం గలవానికి 1,035 రూపాయలు నిర్ణయించారు. మొదటివానికీ మూడవవానికీ మధ్య తేడా రోజుకు 171 రూపాయలు. నెలకు 26 పనిదినాలని లెక్కిస్తే 4,446 రూపాయలు. ప్రైవేటు స్థలాలలో రేట్లు ఊరిని బట్టి మారుతుంటాయి. కాని ఏ శ్రేణి కిందకు వస్తాడన్న వివాదం వచ్చినప్పుడు, పత్రం ఉన్నవాని మాట నిలుస్తుంది.

నిర్మాణ కార్మికుల సంక్షేమానికై 1996లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం చొప్పున సుంకం వసూలు చేసి, రాష్ట్ర సంక్షేమ మండళ్ళ ద్వారా కార్మికులకు వెచ్చించడం దాని పద్ధతి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ ఏర్పాటు కొనసాగింది. 18 నుండి 60 ఏండ్ల లోపు వయస్సు ఉండి, గడచిన పన్నెండు నెలలలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు పేరు నమోదు చేసుకొనవచ్చును. ప్రమాద సహాయం, ప్రసూతి సహాయం, పిల్లల చదువుకు సహాయం వంటివి దీని కింద లభిస్తాయి. విద్యుత్ పనివారిలో చాలామంది తాము "కూలీలము కాము" అన్న భావంతో నమోదు చేసుకొనరు. నిచ్చెన మీది నుండి పడిన రోజున ఆ అభిమానం కుటుంబానికి అన్నం పెట్టదు.

సముద్రం దాటితే

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే దారి పాతదే. అక్కడ కూడా మనిషి చేతిలోని పత్రమే అతని స్థానాన్ని నిర్ణయిస్తుంది. ఎలక్ట్రీషియన్ వీసాతో వెళ్ళిన మనిషికీ, సాధారణ కూలీ వీసాతో వెళ్ళి విద్యుత్ పని చేసే మనిషికీ జీతంలో తేడా ఉంటుంది. ఒప్పందపు రక్షణలో అంతకంటె పెద్ద తేడా ఉంటుంది. వలస కార్మికుల వృత్తి నైపుణ్యాన్ని పరీక్షించే పద్ధతిని సౌదీ అరేబియా ప్రవేశపెట్టింది. ఆ పరీక్ష పరిధిలోకి వచ్చిన వృత్తులలో విద్యుత్ పని ఒకటి.

వెళ్ళదలచినవారు కేంద్ర విదేశాంగ మంత్రిత్వ శాఖ వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. ఏజెంటు పేరు, నమోదు సంఖ్య "ఈ-మైగ్రేట్" వ్యవస్థలో సరిచూచుకొనవచ్చును. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాలకు సహకరిస్తున్నవి. వలస కార్మికులకై 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉన్నది. లక్షలు అడిగి, రశీదు ఇవ్వక, విజిట్ వీసా మీద పంపుతామనే మనిషి గడప తొక్కకపోవడమే క్షేమం.

ప్రాణంతో చెలగాటం

ఈ వృత్తిలోని ప్రమాదాన్ని ప్రస్తావించక దాని లాభాలను మాత్రమే చెప్పడం పూర్తి సత్యం కాదు. విద్యుదాఘాతం వలన దేశంలో ఏటా 10,000 మందికి పైగా మరణిస్తున్నారని జాతీయ నేర నమోదు సంస్థ ఇటీవలి వార్షిక నివేదికలు చెబుతున్నవి. వీరందరూ పనివారు కారు. తడి బట్టలు ఆరవేస్తున్న గృహిణి, పొలంలో మోటారు తాకిన రైతు, కూలరు ముట్టుకొన్న పిల్లవాడు కూడా వీరిలో ఉంటారు. పత్రం లేని చేయి చేసిన పొరపాటుకు ఎన్నో ఏళ్ళ తరువాత మూల్యం చెల్లించేది ఆ ఇంటివారే.

ఒక చిన్న ఉదాహరణ గమనింపదగినది. నేటి పంపిణీ పెట్టెలలో ఎం.సి.బి. అనే మీట ఉంటుంది. అధిక భారం పడినప్పుడు అది తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే మరొక సాధనం. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పి భూమిలోకి పోతున్నదని గ్రహించిన వెంటనే అది సరఫరాను నిలిపివేస్తుంది. "ఎందుకు దండగ?" అని యజమాని అడిగినప్పుడు, ఈ తేడాను వివరించి ఒప్పించగలిగే పనివాడు ఆ ఇంటికి వైద్యునితో సమానుడు. ఆ వివరణ చేతి అలవాటు వలన మాత్రమే రాదు. చదువు కావాలి. అందుకే చట్టం పర్మిట్ అడుగుతున్నది. దానిని పన్ను వంటి బెడదగా భావించేవారు దాని వెనుక ఉన్న ప్రాణాల లెక్కను చూడడం లేదు.

చివరి మాట

పదవ తరగతి ముగించి ఏ దారి పట్టాలో తోచక నిలిచిన యువకుడు ఈ వృత్తిని నిస్సంకోచంగా ఎన్నుకొనవచ్చును. రెండేళ్ళు ఐ.టి.ఐ.లో, ఒక ఏడాది నిర్మాణ స్థలంలో అప్రెంటిస్‌గా గడిపి, వెనువెంటనే పర్మిట్‌కు దరఖాస్తు చేసుకొంటే ఇరవై ఏండ్లు నిండేసరికి అతడు ఈ దేశంలో ఎక్కడైనా బ్రతుకగలడు. యువతులకు ఈ రంగం ఇప్పటికీ సులభంగా తలుపు తీయడం లేదు. కాని రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామంలో బేర్‌ఫుట్ కళాశాల అంతగా చదువుకొనని గ్రామీణ స్త్రీలకు సౌరదీపాల పని నేర్పి, ఈ విద్యకు స్త్రీ పురుష భేదం లేదని నిరూపించింది.

ఇప్పటికే పదేళ్ళ అనుభవం గడించిన మేస్త్రీ చేయవలసిన పని ఇంకా చిన్నది. ఒక రోజు కూలి వదులుకొని తన రాష్ట్రపు లైసెన్సింగ్ మండలి కార్యాలయానికి వెళ్ళి, తన అర్హతకు సరిపడే పరీక్ష ఏదో అడిగి తెలుసుకొనడం. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ప్రశ్నపత్రంలో అడిగే చాలా విషయాలను అతని చేతులు ఇప్పటికే ఎన్నోసార్లు చేసి ఉన్నవి. వాటికి పేర్లు, కారణాలు నేర్చుకొనడమే మిగిలినది.

ప్రభుత్వాలు కూడా ఒక పని చేయవలసి ఉన్నది. పర్మిట్ పరీక్షను జిల్లా కేంద్రాలకు, మాతృభాషలోకి, చేతిపనికి ఎక్కువ మార్కులు ఇచ్చే పద్ధతికి తీసుకొనిరావాలి. చట్టం కోరే పత్రం పనివానికి అందుబాటులో లేకుంటే, సంతకాల వ్యాపారం ఆగదు.

శ్లాబు మీద గొట్టాలు పరచిన మనిషి పని కాంక్రీటు కింద శాశ్వతంగా దాగిపోతుంది. అది ఆ వృత్తి స్వభావం. కాని అతని పేరు కూడా దానితోపాటు కప్పబడిపోవలసిన అవసరం లేదు. భవనం పూర్తి అయిన నాడు ఇచ్చే పత్రంలో, పని చేసిన చేయే సంతకం కూడా చేయగలిగితే, ఆ వృత్తికి భవిష్యత్తు ఉన్నదా అన్న ప్రశ్న మరల వేయవలసిన పని ఉండదు.